ఏం చదివావంటే ఏం చెప్పను?

మొదటి పేపర్ తిరిగి చేతికి రాగానే మార్కు కోసం వెతికాను. చివరి పేజీలో, కింద ఒక మూల, సీ ప్లస్. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది మొదటి పేజీ. నా నాలుగో వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ప్రొఫెసర్ ఒక్క ప్రశ్న రాశారు: "ఇది నీకెలా తెలుసు?" ఆరు పేజీల పేపర్‌లో అదే ప్రశ్న పదకొండు చోట్ల ఉంది. కోపంతో లెక్కపెట్టాను కాబట్టి ఆ సంఖ్య ఇప్పటికీ గుర్తు.

అసలు ఆ కోర్సు నేను కోరుకున్నది కాదు. కంప్యూటర్ సైన్స్ చదవాలనుకుని అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చేరాను. ఎందుకు అక్కడే అంటే గొప్ప కారణమేమీ లేదు, స్కాలర్‌షిప్ ఇచ్చింది వాళ్లే. చేరాక గానీ పద్ధతి అర్థం కాలేదు. డిగ్రీకి 32 కోర్సులు కావాలి. అందులో మన మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టువి పది, పన్నెండు. మిగతావి సైన్సు, చరిత్ర, సాహిత్యం, సంగీతమో చిత్రలేఖనమో, ఒక కొత్త భాష, ఇలా తలోవైపు తీసుకోవాలి. మేజర్ ఏమిటో రెండో ఏడాది చివర్లో చెబితే చాలు. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులంటూ ఎవరూ లేరు, కాబట్టి పాఠం చెప్పేదీ పేపర్ దిద్దేదీ ప్రొఫెసరే. క్లాసులో పదిహేను మందిమి ఒక టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లం. వెనక బెంచీ అనేదే లేదు. దాక్కోవడానికి చోటు లేదన్నమాట.

నాన్న ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. వోచర్ లేని ఎంట్రీ కనిపిస్తే ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. అలాంటి మనిషి మొదటి సెమిస్టర్‌లో ఫోన్ చేసి, "ఎవరైనా అడిగితే ఏం చదువుతోందని చెప్పమంటావు?" అన్నారు. "ఇంకా తేల్చలేదు నాన్నా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత బాబాయ్ ఫోన్ తీసుకుని, "అమ్మడూ, అన్నీ కొంచెం కొంచెం చదివితే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు, చూసుకో" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నాకూ అదే భయం.

పేరుతోనే సగం తంటా. లిబరల్ అంటే ఏదో రాజకీయమనుకుంటారు, ఆర్ట్స్ అంటే బొమ్మలు గీయడమనుకుంటారు. నిజానికి ఆ లిబరల్ అన్నది స్వేచ్ఛ గలవాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మధ్యయుగపు యూరప్‌లో ఈ విద్యలు ఏడు: వ్యాకరణం, తర్కం, వాక్చాతుర్యం, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. లెక్కలు కూడా ఇందులోవే అని చెబితే బాబాయ్ నమ్మలేదు.

మా మొదటి ఏడాది సెమినార్ విషయం "రుజువు అంటే ఏమిటి?" పాతకాలపు గ్రీకు జ్యామితి పండితుడు యూక్లిడ్ దగ్గర మొదలుపెట్టి కోర్టు తీర్పుల దాకా చదివించారు. యూక్లిడ్ అనగానే నేను ధైర్యం తెచ్చుకున్నాను. లెక్కలు నా సొంత గడ్డ కదా. మొదటి ప్రతిపాదనను బోర్డు మీద వివరించే పని నేనే అడిగి తీసుకున్నాను. ఒక సరళరేఖ ఇస్తే దాని మీద సమబాహు త్రిభుజం గీయాలి. రేఖకు ఒక కొస కేంద్రంగా, రేఖ పొడవే వ్యాసార్ధంగా ఒక వృత్తం. రెండో కొస నుంచి అలాంటిదే ఇంకో వృత్తం. అవి కలిసిన చోటి నుంచి రెండు కొసలకూ గీతలు కలిపితే మూడు భుజాలూ సమానం. రెండు నిమిషాల్లో ముగించి కూర్చోబోయాను.

మా క్లాసులో డాన్స్ మేజర్ చేద్దామనుకునే అమ్మాయి ఒకతె ఉండేది. లెక్కలంటే తనకు భయమని మొదటి రోజే చెప్పింది. ఆమె చెయ్యెత్తి, "ఆ రెండు వృత్తాలు కలుస్తాయని ఎక్కడుంది?" అంది.

నవ్వొచ్చింది నాకు. "చూస్తే కనిపిస్తోందిగా" అని బోర్డు మీద చాక్‌పీస్‌తో కొట్టి చూపించాను.

"కనిపిస్తోంది. కానీ ఈయన ముందు పేజీలో ఐదు నియమాలు పెట్టుకున్నాడు కదా, వాటిలో ఏది చెబుతోంది?"

ప్రొఫెసర్ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. అలా చూడటం ఆయన బోధనాపద్ధతి అని తర్వాత తెలిసింది. అందరం ఆ ఐదు నియమాల మీద పడ్డాం. రెండు బిందువులను గీతతో కలపవచ్చు. గీతను పొడిగించవచ్చు. ఏ కేంద్రంతోనైనా, ఏ దూరంతోనైనా వృత్తం గీయవచ్చు. లంబకోణాలన్నీ సమానం. ఐదోది సమాంతర రేఖల సంగతి. ఇరవై నిమిషాలు వెతికాం. వృత్తాలు కలుస్తాయని ఎక్కడా లేదు. అప్పుడు ప్రొఫెసర్ మాట్లాడారు. భిన్నాలుగా రాయగలిగే నిరూపకాలున్న బిందువులు మాత్రమే ఉండే తలాన్ని ఊహించుకోమన్నారు. ఆ రెండు వృత్తాలు కలవాల్సిన చోట వర్గమూలం మూడు వస్తుంది. అది భిన్నం కాదు. అంటే ఆ తలంలో అక్కడ బిందువే లేదు, ఒక వృత్తం రెండో దాన్ని తాకకుండానే దాటిపోతుంది. ఎంత నున్నగా గీసినా మన బొమ్మ మాత్రం ఆ ఖాళీని చూపించదు.

లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే తెచ్చుకున్న దాన్ని. ఈ రుజువును స్కూల్లో ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. లెక్కలు రాని అమ్మాయికి ఎందుకొచ్చిందీ అంటే, ఆమెకు ఆ బొమ్మ అలవాటు లేదు కాబట్టి. నాకు జవాబు ముందే తెలుసు, అందుకే దారి చూడలేదు. ఆ రాత్రి పాత పేపర్ తీసి పదకొండు ప్రశ్నలూ మళ్లీ చదివాను. ఎనిమిదింటికి నా దగ్గర జవాబు లేదు. మిగతా మూడింటి విషయంలో ప్రొఫెసర్ అతి చేశారనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

అన్ని కోర్సులూ ఇలాగే ఉన్నాయని చెబితే అబద్ధమవుతుంది. సంగీతం కోర్సులో నాకు మిగిలింది పేర్ల జాబితా. ఒక సామాజిక శాస్త్రం కోర్సులో ప్రొఫెసర్‌కు నచ్చే మాటలు ఏవో కనిపెట్టి, అవే పేపర్ నిండా పేర్చి ఏ గ్రేడ్ తెచ్చుకున్నాను. నాలాగే అక్కడక్కడా తప్పించుకుంటూ నాలుగేళ్లూ గడిపేసినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఇస్తే ఎక్కడికీ వెళ్లకుండా తిరిగే స్వేచ్ఛ కూడా ఇచ్చినట్టే. రెండో ఏడాది చలికాలమంతా నాది అదే పరిస్థితి. ఇంజనీరింగ్‌లో చేరిన స్నేహితులు ఇంటర్న్‌షిప్‌ల గురించి మాట్లాడుకుంటుంటే నేను జర్మన్ క్రియలు బట్టీ పడుతున్నాను. నిద్ర పట్టేది కాదు, ఒకటే టెన్షన్.

ఆ టెన్షన్‌లోనే అమెరికా చరిత్ర సెమినార్‌లో ఒక వాదన చదివాను. బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టినవాడు. 1881 నుంచి టస్కీగీ అనే విద్యాసంస్థలో నల్లజాతి యువతకు ముందు చేతిపనులు, వృత్తులు నేర్పించాలని పాటుపడ్డాడు. కడుపు నిండాలి, కాళ్ల మీద నిలబడాలి, మిగతావి తర్వాత అన్నాడు. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందినవాడు, అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతీయుడు. వృత్తివిద్య వద్దని ఆయన అనలేదు. అదొక్కటే చాలంటే ఒప్పుకోనన్నాడు. నల్లజాతి కాలేజీల్లో చదివిన ఉపాధ్యాయులు లేకపోతే టస్కీగీ కూడా ఒక్క రోజు నడవదని 1903లో రాశాడు.

నేను డుబాయిస్ పక్షాన మాట్లాడటానికి తయారై వెళ్లాను. ప్రొఫెసర్ నన్ను వాషింగ్టన్ పక్షాన వాదించమన్నారు. ఇష్టం లేకుండానే మొదలుపెట్టాను. పది నిమిషాలయ్యేసరికి నా గొంతులోంచి బాబాయ్ మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఆయన మాటల్లో ఎంత బలముందో అప్పుడు తెలిసింది. ఒక సంగతి మాత్రం నన్ను వదల్లేదు. స్వేచ్ఛ గలవాడికి తగిన విద్య అని పేరు పెట్టిన రోమన్ల ఇళ్లల్లో పని చేసింది బానిసలు. ఆ పేరులోనే ఎవరో ఒకరు బయట నిలబడి ఉన్నారు. మరి వాళ్లు లోపలికి రావాలంటే ముందు కూడు చూసుకోవాలా, చదువు చూసుకోవాలా? ఆ రోజు తేలలేదు. స్కాలర్‌షిప్ లేకపోతే నేనూ ఆ టేబుల్ దగ్గర ఉండేదాన్ని కాదు కాబట్టి, ఈ చదువును పొగిడే ప్రతిసారీ నాకు కొంచెం తడబాటు ఉంటుంది.

రెండో ఏడాది చివర గణితం మేజర్‌గా, చరిత్ర మైనర్‌గా రాసిచ్చాను. కంప్యూటర్ కోర్సులు నాలుగు చేశాను, అంతే.

ఆఖరి ఏడాది థీసిస్. ఈ నాలుగేళ్లు దేనికీ అని ఎవరైనా గట్టిగా నిలదీస్తే నేను చూపించేది అదే. విషయం 1854 నాటి లండన్ కలరా. జాన్ స్నో అనే డాక్టర్ కథ చాలామందికి తెలుసు. బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ చావులను మ్యాప్ మీద గుర్తించాడు, అవన్నీ ఒక నీటి పంపు చుట్టూ తేలాయి, పంపు పిడి తీయించాడు, కలరా ఆగిపోయింది. నా మొదటి డ్రాఫ్ట్ కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. గైడ్‌కు ఇచ్చే ముందు రాత్రి ఒకసారి చదువుకుంటుంటే ఆ చివరి ముక్క దగ్గర నా చెయ్యి దానంతటదే పెన్సిల్ తీసుకుంది. ఇది నాకెలా తెలుసు?

ఎలాగంటే, అందరూ చెబుతారు కాబట్టి. సరే, స్నో ఏమన్నాడో చూద్దామని ఆయన 1855లో వేసిన పుస్తకం తెరిచాను. ఆయన అలా అనలేదు! జనం ముందే ఇళ్లు వదిలి పారిపోవడంతో చావులు బాగా తగ్గాయి, పిడి తీసేనాటికి కొత్త కేసులు ఎంతగా తగ్గిపోయాయంటే, ఆ పంపు కింది బావిలో విషం అప్పటికి ఇంకా పనిచేస్తోందో లేదో తేల్చడం అసాధ్యం అని తానే ఒప్పుకున్నాడు. పిడి తీసింది సెప్టెంబరు 8న. తన గెలుపు కథలో అందరికీ నచ్చే ఘట్టాన్ని ఆయనే కొట్టేసుకున్నాడు. డ్రాఫ్ట్‌లో పన్నెండు పేజీలు పక్కన పడేశాను. ఏడుపొచ్చింది కానీ, లోపల ఎక్కడో సరదాగా కూడా ఉంది.

మరి ఆయన అసలు బలం ఎక్కడుంది? దక్షిణ లండన్‌లో రెండు నీటి కంపెనీల గొట్టాలు ఒకే వీధుల్లో పక్కపక్కనే పోయేవి. ఈ ఇంటికి ఒక కంపెనీ, పక్కింటికి ఇంకోటి. లాంబెత్ కంపెనీ 1852లో థేమ్స్ ఎగువకు మారి, అక్కడి నీరు తీసుకుంటోంది. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మాత్రం మురుగు కలిసే చోటనే తోడుతోంది. తమ నీళ్లు ఎవరివో అద్దెకుండేవాళ్లలో చాలామందికి తెలియదు. స్నో ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ కలిపి ఉప్పు ఎంతుందో చూసి ఏ కంపెనీదో తేల్చాడు, సముద్రపు పోటు తగిలే దిగువ నీళ్లలో ఉప్పు చాలా ఎక్కువ. తర్వాత లెక్క. 1854 కలరా మొదటి ఏడు వారాల్లో సదర్క్ అండ్ వాక్సాల్ నీళ్లు తాగిన 40,046 ఇళ్లలో 1,263 చావులు. లాంబెత్ నీళ్లు తాగిన 26,107 ఇళ్లలో 98. పదివేల ఇళ్లకు చూస్తే దాదాపు 315కు 37. ఈ పట్టికను నా చేత్తో మళ్లీ వేసిన రోజు, గణితం క్లాసులో ఎన్నడూ లేనట్టుగా అంకెలకు మనుషుల ముఖాలు కనిపించాయి.

ఇంత చూపించినా అప్పటి ప్రభుత్వ ఆరోగ్య మండలి ఒప్పుకోలేదు. కలరా చెడుగాలి వల్ల వస్తుందనే పట్టుదల వాళ్లది. రెండో డ్రాఫ్ట్‌లో వాళ్లను "కళ్లుండీ చూడనివాళ్లు" అని రాశాను. ఈసారి పెన్సిల్ గైడ్‌ది. గీత కింద అదే పాత ప్రశ్న కాకుండా ఇంకోటి రాశారు: "వాళ్ల దగ్గర ఏ లెక్కలూ లేవా?" ఉన్నాయి. విలియం ఫార్ అనే గణాంక నిపుణుడు 1849 కలరా అంకెలు తీసి, నేల ఎత్తు పెరిగిన కొద్దీ చావులు ఎలా తగ్గాయో చక్కగా చూపించాడు. పల్లంలో చెడుగాలి నిలిచిపోతుందనే నమ్మకానికి అది అతికినట్టు సరిపోయింది. అబద్ధపు అంకెలేమీ కావు. పల్లంలో ఉన్నవాళ్లు తాగేది మురుగు కలిసిన నది నీళ్లు కావడం వల్ల కూడా లెక్క అలాగే వస్తుంది కదా! మంచి లెక్కతోనే తప్పు నిర్ణయానికి చేరవచ్చని నాకు స్టాటిస్టిక్స్ పుస్తకం చెప్పలేదంటే అన్యాయం, చెప్పింది. కానీ ఫార్ పట్టికను చూస్తూ, ఆ ఏడాది నేను లండన్‌లో ఉండుంటే ఎవరిని నమ్మేదాన్నని నన్ను నేను అడుక్కునేదాకా ఆ మాట ఒంటికి పట్టలేదు. నిజాయితీగా చెప్పాలంటే ఫార్‌నే.

అక్కడ నాకొకటి అర్థమైంది. సిల్వర్ నైట్రేట్ పరీక్ష ఒక రకం ఆధారం. 315కు 37 ఇంకో రకం. బ్రాడ్ స్ట్రీట్ పేటలో హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి ఫాదర్ ఉండేవాడు. స్నో చెప్పేది తప్పని నిరూపిద్దామని ఇంటింటికీ తిరిగి మొదలుపెట్టి, చివరికి జబ్బుపడ్డ ఒక పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు బావి పక్కనున్న మురుగుగుంటలోకి పోయాయని కనిపెట్టాడు. ఆయన పోగేసిన సాక్ష్యాలు మరో రకం. ఒకదానికి చెల్లేది ఇంకోదానికి చెల్లదు. యూక్లిడ్ దగ్గర "కనిపిస్తోందిగా" అంటే కుదరదు, వైట్‌హెడ్‌కు అలా చూసినవాళ్ల మాటే ముఖ్యం. గణితం ఒక్కటే చదివి ఉంటే రుజువంటే ఒక్కటే అనుకునేదాన్ని. చరిత్ర ఒక్కటే చదివి ఉంటే ఆ పట్టిక దాటేసి పోయేదాన్నేమో.

థీసిస్ మీద మౌఖిక పరీక్ష గంటన్నర సాగింది. ఒక ప్రశ్నకు తెలియదన్నాను. పరీక్షకురాలు తలూపి నోట్స్‌లో ఏదో రాసుకున్నారు. అది మంచిదో చెడ్డదో ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం గురించి కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టే. రెండు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలు తప్పాను. కోడింగ్ నాకు నిజంగానే తక్కువ వచ్చు, వాళ్లు తీసుకోకపోవడం న్యాయమే. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ ఏడు నెలలూ ఫోన్లో బాబాయ్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ కష్టంగా ఉండేది. తర్వాత ఆరోగ్య గణాంకాలు చూసే ఒక చిన్న సంస్థలో కుదిరాను. చేరిన మొదటి ఏడాదంతా నేను రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్న పనిని, ఆ విషయంలోనే డిగ్రీ చేసిన పక్కసీటు అబ్బాయి కాలు మీద కాలేసుకుని చేసేవాడు.

పోయిన సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఏదో పని మీద పాత లెడ్జర్లు ముందేసుకుని ఉన్నారు. రిటైరై మూడేళ్లయినా వదల్లేదు. ఉన్నట్టుండి, "ఇంతకీ ఆ నాలుగేళ్లు ఏం చదివావో నాకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు" అన్నారు. కలరా కథ చెబుదామా అనుకున్నాను. చేతికి పెన్నూ కాగితం దొరికాయి కాబట్టి రెండు వృత్తాలు గీశాను. అవి కలిసిన చోట చుక్క పెట్టి, త్రిభుజం పూర్తి చేసి, యూక్లిడ్ ముందుగా రాసుకున్న ఐదు నియమాలూ చెప్పాను.

"బాగానే ఉందిగా" అన్నారు.

"ఈ చుక్క ఉందని ఎవరు చెప్పారు నాన్నా?"

"కలిశాయి కదమ్మా, ఇక్కడ కనిపిస్తుంటే..." అని కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఐదు నియమాలూ మళ్లీ చెప్పమన్నారు. వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే విన్నారు. ఐదోది అయ్యాక చాలాసేపు ఆ కాగితం చేతిలోనే పట్టుకున్నారు.

"అంటే వోచర్ లేకుండా ఎంట్రీ వేసేశాడన్నమాట."

"అవును."

"ఎప్పటి మనిషి?"

"క్రీస్తుపూర్వం 300 ప్రాంతం."

"మరి ఎవరైనా సరిచేశారా?"

"పందొమ్మిదో శతాబ్దం చివర్లో నాన్నా. హిల్బర్ట్ అనే ఆయన 1899లో మొత్తం పునాది మళ్లీ రాశాడు."

నాన్న పెన్ను తీసుకుని ఆ చుక్క చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. "రెండు వేల రెండొందల ఏళ్లు పెండింగా!" అన్నారు.